మూడేళ్ల చదువు నాలుగేళ్లు చదివితే ఏం?

(విద్యార్థినుల సమస్యలపై సికింద్రాబాద్‌లో జరిగిన సభలో ఒక డిగ్రీ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నేను కాగితం చూసి చదువుతాను. మీ ముఖాల్లోకి చూడను. పొగరు అనుకోవద్దు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తే నాకు మాట రాదు. మాట రావాలంటే తల దించుకోవాలి. ఆడపిల్ల తల దించుకుంటే అందరూ మెచ్చుకుంటారు కాబట్టి పందొమ్మిదేళ్లు వచ్చేదాకా ఇందులో ఎవరికీ ఏ తేడా కనపడలేదు. ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అని చుట్టాలు మురిసిపోయారు. నా వయసు మగపిల్లవాడు అలాగే ఉంటే ఎప్పుడో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లేవాళ్లు.

నాకు ఆటిజం ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు దీని గురించి రాసిన వ్యాసంలో పదకొండు మంది పిల్లలున్నారు. వాళ్లలో ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురే ఆడపిల్లలు. ఇది మగపిల్లల వ్యవహారం అన్న నమ్మకం అప్పటినుంచీ పాతుకుపోయింది. దాని ఫలితం బోయినపల్లిలో ఉన్న నా దాకా వచ్చింది.

మన దేశంలో ఆటిజాన్ని కొలిచే స్కేలు తయారైంది కూడా బోయినపల్లిలోనే. మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ దాన్ని తయారుచేసింది. ఆ సంస్థ పేరు తర్వాత మారింది. స్కేలులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. తక్కువ మార్కులు వస్తే సంతోషించే పరీక్ష నా జీవితంలో ఇదొక్కటే. అందులోనూ సగం జవాబులు అమ్మ చెప్పింది. నేను రెండేళ్ల వయసులో ఎలా ఉన్నానో తెలిసింది ఆమెకే కదా. నాకు స్వల్పం అని వచ్చింది. ఆ మాట వింటే అమ్మకు ఊరట. కాలేజీలో మాత్రం ఆ మాటే నాకు ఎదురు తిరిగింది. ‘స్వల్పమే కదా, సర్దుకో’ అన్నారు.

సర్దుకోవడం అంటే ఏమిటో చెప్తాను. నేను బీఎస్సీ చదువుతున్నాను. సెమిస్టరుకి ఇంగ్లీషు, తెలుగు, మూడు మెయిన్ సబ్జెక్టులు, వాటి ప్రాక్టికల్సు, రికార్డులు, ఒక స్కిల్ పేపరు, వీటన్నిటికీ ఇంటర్నల్సు, అసైన్‌మెంట్లు, సెమినార్లు. నాకు పుస్తకం బరువు కాదు. స్టాటిస్టిక్స్ లెక్కల ముందు కూర్చుంటే నాలుగు గంటలు అన్నం గుర్తురాదు. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఉన్నదే నాకు బరువు. గంట కొట్టగానే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలి. ఒక సబ్జెక్టులోంచి మనసు ఊడబెరికి ఇంకోదాంట్లో పెట్టాలి. కారిడార్‌లో రెండొందల మంది ఒక్కసారిగా మాట్లాడతారు. ‘ఇవాళ సార్ రాలేదు, ఆ క్లాసుకి బదులు ల్యాబ్’ అని ఎవరో తలుపు దగ్గర నిలబడి అరుస్తారు. అంతే, ఆ రోజు నాకు అయిపోయినట్టే.

చప్పుడంటే భయమా అని అడుగుతారు. లష్కర్ బోనాలకి డప్పు మోగుతుంటే నేను గంటలు గంటలు నిలబడి వింటాను. దాని దెబ్బ ఎప్పుడు పడుతుందో నాకు ముందే తెలుస్తుంది. ఎప్పుడు ఏం మోగుతుందో తెలియని చోటే నా ప్రాణం పోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్టు లేదు. మంచి పని, నేనూ సంతోషించాను. కానీ కిక్కిరిసిన బస్సు దిగి క్లాసులోకి అడుగుపెట్టేసరికే నా దగ్గరున్న శక్తిలో సగం ఖర్చయిపోతుంది.

అందుకే నేను గంటలు లెక్కపెట్టను, శక్తిని లెక్కపెడతాను. రోజుకి పది పైసలు ఉన్నాయనుకోండి. బస్సుకి మూడు. ల్యాబుకి నాలుగు. సెమినారు ఉంటే మొత్తం పదీ పోయి రేపటి రోజు దగ్గర అప్పు. ఆ అప్పు తీర్చే రోజు నేను మంచం మీంచి లేవను, ఎవరితోనూ మాట్లాడను. మధ్యాహ్నం అందరూ తింటుంటే నేను లైబ్రరీలో చివరి బీరువా వెనక కూర్చుంటాను. తలుపు పక్క సీటు నాది. మాట రాని రోజు చూపించడానికి చిన్న చీటీ రాసి పెట్టుకున్నాను. నా నేస్తం ఒకమ్మాయి సెమినారులో నా వంతు మాటలు తను చెప్తుంది, తన వంతు లెక్కలు నేను చేస్తాను. దీన్ని ఒక లెక్చరర్ కాపీ కొట్టడం అన్నారు.

ఇలా లెక్కపెట్టుకుంటూ రెండో సెమిస్టరు దాకా ఈడ్చాను. చివరికి నన్ను ఆపింది మార్కులు కాదు, హాజరు. 75 శాతం ఉండాలి, నాకు లేదు. అప్పు తీర్చిన రోజులన్నీ రిజిస్టరులో గైరుహాజరుగా పడ్డాయి. ‘ఇన్ని మార్కులొచ్చే పిల్లకి రోగమేమిటమ్మా’ అని ఆఫీసులో అమ్మని అడిగారు. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్లాం.

చట్టం ఏమంటుందో చదివాను. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు ఉంది. అయితే అది ముఖ్యంగా సంరక్షణ గురించీ, పెద్దయ్యాక కూడా సంరక్షకుణ్ణి నియమించడం గురించీ మాట్లాడుతుంది. హక్కులున్న మనుషులుగా మమ్మల్ని లెక్కలోకి తీసుకున్నది 2016 చట్టం. అందులో 21 వైకల్యాలున్నాయి, ఆటిజం ఒకటి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లకు కనీసం 5 శాతం సీట్లున్నాయి. పరీక్షలో గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పేపరుకి నాలుగు గంటలు. అవసరమైన సర్దుబాటు 40 శాతం వాళ్లకే పరిమితం కాదని 2021లో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఫిబ్రవరిలోనూ, అవని ప్రకాశ్ కేసులో నవంబరులోనూ చెప్పింది.

ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే, కాదనను. కానీ చూడండి, అదనపు సమయం అంతా పరీక్ష హాల్లోనే ఉంది. నాకు కావలసింది హాలు బయట. రెండో భాష నుంచి మినహాయింపు అడగవచ్చని కూడా చట్టంలో ఉంది. ఒకరు ఎంతో దయగా ‘తెలుగు తీసేద్దామా?’ అని అడిగారు. తెలుగు క్లాసులోనే కదా నేను ఊపిరి పీల్చుకునేది! నాకేది బరువో నన్ను అడగకుండా ఎవరో ఊహిస్తున్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఒక సెమిస్టరులో పేపర్లు తగ్గించండి, మూడేళ్ల చదువు నాలుగేళ్లు చదువుతాను. ఇదేమీ వింత కోరిక కాదు. 2024 నవంబరులో యూజీసీయే ఇలాంటి వెసులుబాటు ప్రకటించింది. సెమిస్టరుకి తక్కువ క్రెడిట్లు తీసుకుని డిగ్రీని రెండు సెమిస్టర్ల దాకా పొడిగించుకోవచ్చు, ఆ డిగ్రీకి విలువ తగ్గదు. అయితే మొదటి సెమిస్టరు చివర్లోనో, రెండో సెమిస్టరు చివర్లోనో ఎంచుకోవాలి, ఆ తర్వాత కుదరదు. నాకు ఆటిజం అని తెలిసేసరికి రెండో సెమిస్టరు దాటిపోయింది. ఆడపిల్లల్ని ఆలస్యంగా గుర్తిస్తారని ఇందాక చెప్పానే, దాని ధర ఇది.

ఇంట్లో ఇంకో లెక్క ఉంది. నాలుగో ఏడు ఫీజు ఎవరు కడతారని నాన్న అడిగారు. మా మేనత్త ‘కాయితం మీద రాయించుకుంటే రేపు చిన్నదానికి సంబంధాలొస్తయా?’ అంది. తమ్ముడు ఇంటరు రెండుసార్లు తప్పితే ఎవరూ సంబంధాల సంగతి ఎత్తలేదు.

అమ్మ సంగతి చెప్పకుండా ఆపలేను. నేను పడుకున్న రోజు నా నోట్సు తెచ్చేది అమ్మ, కాలేజీలో బతిమాలేది అమ్మ, మేనత్తకి జవాబు చెప్పేది అమ్మ. ఇంట్లో బట్టలు కుట్టి సంపాదించుకునేది, నా రెండో సెమిస్టరులో మిషను మూతేసింది. నా కోర్సుకి క్రెడిట్లున్నాయి. ఆమె చాకిరికి ఏ రిజిస్టరులోనూ కాలమ్ లేదు. కాలేజీ సర్దుబాటు చెయ్యకపోతే ఆ పని ఆగదు, ఇంట్లో ఉన్న ఆడమనిషి మీద పడుతుంది. నా సమస్యను మీ సంస్థ దగ్గరికి తెచ్చింది అందుకే.

మొన్న సోమవారం నా దరఖాస్తు కాలేజీలో ఇచ్చాను. సర్టిఫికెట్ నకలు కూడా జతచేశాను. మేనత్త ఇంకా మాట్లాడటం లేదు. పేపర్లు తగ్గించమనీ, హాజరులో నా లేవలేని రోజులను లెక్కలోకి తీసుకోమనీ, క్లాసు మారితే ముందురోజే నోటీసు బోర్డులో పెట్టమనీ రాశాను. ఈసారి అమ్మని రావద్దన్నాను. ఆమె మిషను తుడుచుకుంటోంది. ఫారంలో ‘తండ్రి లేదా సంరక్షకుని సంతకం’ అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసి, కింద నా సంతకం చేసి, పక్కన వయసు 20 అని రాశాను.