ఇరువురు తెలుగు గాయనీమణులు



నేటి సభలో తెలుగు స్త్రీల గేయరచనను గూర్చి ప్రసంగింపవలసినదిగా మమ్ము కోరినారు. విషయము విశాలము, కాలము స్వల్పము. కావున పదునెనిమిదవ శతాబ్దికి చెందిన ఇరువురను మాత్రమే మీ ముందుంచుచున్నాము. ఒకరు తంజావూరి ముద్దుపళని. మరియొకరు తరిగొండ వెంగమాంబ.

ముద్దుపళని 1739 మొదలు 1763 వరకు తంజావూరు నేలిన ప్రతాపసింహ మహారాజు ఆస్థానమునకు చెందిన విదుషి. సంగీత సాహిత్యములు ఆమె కులవిద్యలు. రాధికాసాంత్వనము ఆమె శృంగారప్రబంధము. రాధ తాను పెంచిన ఇళాకన్యను కృష్ణునకిచ్చి పెండ్లి చేసి, పిదప ఆ యెడబాటునకు తానే ఓర్వలేకపోవును. అభిమానము, అసూయ, అలుక ఒకే హృదయమున పెనగులాడుటను ముద్దుపళని స్త్రీ నోటి మాటగానే పలికించినది. ఆండాళ్ తమిళమున పాడిన తిరుప్పావైని సప్తపదములను పేర తెలుగు పాటలుగా మలచినదియు నామెయే. తమిళసీమలోని తెలుగువారికి ఇంతకంటె దగ్గర చుట్టము వేరెవరు?

వెంగమాంబ 1730లో చిత్తూరు సీమలోని తరిగొండలో జన్మించి, బాల్యముననే వైధవ్యము పొంది, తుదకు తిరుమల చేరి, 1817లో అచ్చటనే సమాధి పొందినది. ద్విపద, యక్షగానము, కీర్తన ఆమె వాహనములు. ఆమెయు కృష్ణలీలలను పాడినది. కాని ఆ శృంగారము మెల్లగా యోగము వైపునకు, మోక్షము వైపునకు మరలును. ఒక కృతికి ముక్తికాంతావిలాసమనియే పేరు.

వీరి శైలీభేదము గ్రంథముల పీఠికలలోనే తెల్లమగుచున్నది. ముద్దుపళని తన నాయనమ్మ తంజనాయకిని కీర్తించి, తన పాండిత్యమును సంకోచము లేక చెప్పుకొన్నది. వెంగమాంబ తాను గురువుల చెంత ఓనమాలైనను నేర్వలేదనియు, పలికించువాడు స్వామియే యనియు విన్నవించుకొన్నది. ఒకరిది సభ నెరిగిన గళము. మరియొకరిది సన్నిధి నెరిగిన గళము. ఒకరిది ఎక్కువ, మరియొకరిది తక్కువ యని మేము తీర్పు చెప్పము. తన్ను తాను నిలుపుకొనుటకు ఎంత ధైర్యము వలయునో, తన్ను తాను మరచుటకును అంతయే వలయును.

కాని వీరి పాటలకు పట్టిన గతులు వేరు. ఆస్థానము అంతరించగా ముద్దుపళని గళము తాళపత్రములలో మిగిలినది. మైసూరు సీమలోని నంజనగూడులో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో రాధికాసాంత్వనమును పరిష్కరించి అచ్చొత్తించగా, అశ్లీలమని నాటి ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఆ నిషేధమును తొలగింపగా 1952లో గ్రంథము మరల వెలువడినది. వెంగమాంబ పాటకు ఇట్టి అజ్ఞాతవాసము లేదు. తిరుమలలో ఏకాంతసేవవేళ ఆమె పేరిట ముత్యాలహారతి నేటికిని జరుగుచునే యున్నది.

ఇందు మనకొక పాఠము కలదు. పాటకు ప్రతిభ యొక్కటియే చాలదు, పాడుటకొక వేళ వలయును. ఆ వేళ తప్పినచో పాటను కాపాడుటకు ఒక నాగరత్నమ్మ పుట్టవలెను. ప్రతి పాటకును ఆ భాగ్యము పట్టదు. మన యిండ్లలో బడిభాష వేరు, వీధిభాష వేరు. తెలుగునకు మిగిలినది లాలి, మేలుకొలుపు, మంగళహారతి. అమ్మమ్మల పాటలను నోటుపుస్తకములకెక్కించుట మంచిదే. దినమున కొకమారు పిల్లలచే పాడించుట అంతకంటె మంచిది. మన తల్లులును అక్కసెల్లెండ్రును ఈ భారమును వహింతురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాము.