పాత అంబాసిడర్‌కి ముందు అద్దం రబ్బరు మార్చడం

వానాకాలం వచ్చిందంటే చాలు, పాత బండ్లవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "ముందు అద్దం దగ్గర నీళ్ళు కారుతున్నాయి, ఏం పూయమంటారు?" ఏమీ పూయొద్దండి. ముందు రబ్బరు విప్పి చూడండి.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. మా నాన్నగారి అంబాసిడర్ అది. అద్దం చుట్టూ సిలికాన్ పూసి, కారడం ఆగిందని సంబరపడ్డాను. రెండేళ్ళ తర్వాత మ్యాట్ ఎత్తి చూస్తే, కాళ్ళ కింద రేకు జల్లెడైపోయింది. సిలికాన్ నీళ్ళని ఆపలేదు, లోపల దాచిపెట్టింది. రబ్బరుతో పోయే పని టింకరింగ్ దాకా వెళ్ళింది.

ఈ బండికి అద్దాన్ని గమ్‌తో అంటించరండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పాత పద్ధతి ఇది. రబ్బరుకి రెండు గాడులుంటాయి. ఒకదాంట్లో అద్దం కూర్చుంటుంది, రెండోదాంట్లో బాడీ రేకు అంచు. ఎండకి రబ్బరు గట్టిపడి, బీటలు వారి, ఆ అంచుని వదిలేస్తుంది.

విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి అద్దాన్ని ఎత్తకండి, అంచు దగ్గరే పగులుతుంది. పాత రబ్బరు ఎలాగూ పారేసేదే కదా, బయటి పెదవిని బ్లేడుతో కోసేయండి. లోపలి నుంచి అరచేతులతో మెల్లగా తోస్తే, బయట పట్టుకున్నవాళ్ళ చేతిలోకి వస్తుంది.

ఇప్పుడు అసలు పని. రేకు అంచు చూడండి, ముఖ్యంగా కింది రెండు మూలలు. తుప్పుంటే ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వండి. చిల్లులుంటే వెల్డింగ్ చేయించాల్సిందే. పుట్టీతో పూడిస్తే మళ్ళీ అదే కథ.

కొత్త రబ్బరుని కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. అద్దానికి చుట్టేటప్పుడు సాగదీయకండి, తర్వాత అది ముడుచుకుని సందు వదులుతుంది. బాడీ గాడిలో చుట్టూ సన్నని నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీదొకటి వచ్చేలా లోపలికి వదలండి. సబ్బు నీళ్ళు పూయండి. ఆయిల్, గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బయట ఒకరు అరచేత్తో అద్దాన్ని నొక్కుతుంటే, లోపల మీరు తాడు లాగుతూ వెళ్ళండి. తాడు వచ్చిన చోటల్లా రబ్బరు పెదవి రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కడైనా బిగుసుకుంటే ఆగి, మళ్ళీ సబ్బు నీళ్ళు వేయండి. బలం మాత్రం చూపించకండి.

ఆఖరుగా నీళ్ళ పరీక్ష. పైపు ధార చిన్నగా పెట్టి, కింది నుంచి పైకి రండి. లోపల ఒకరు టార్చిలైటుతో చూస్తుండాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు ఎక్కడ దూరాయో తెలియదు.

గుర్తుంచుకోండి, రబ్బరు మార్చేది అద్దం కోసం కాదండి, దాని కింద రేకు కోసం. వచ్చే ఎపిసోడ్‌లో డోరు అద్దాల రబ్బర్ల సంగతి చూద్దాం.