ముక్కుపురుగుల వంశము

బియ్యపు బస్తాలో ముక్కుపురుగును చూడని గృహస్థుడు లేడు. తల్లి తన ముక్కుతో గింజను తొలిచి, అందొక గ్రుడ్డునుంచి, రంధ్రమును పూడ్చివేయును. దీని జ్ఞాతులు లోకమున 50,000 జాతులకు మించియున్నవి. పప్పుల పుచ్చుపురుగు మాత్రము ఈ వంశములోనిది కాదు. దానికి నిజమైన తుండము లేదు.

మామిడి టెంకపురుగు మామిడిని దప్ప వేఱొక చెట్టు నాశ్రయింపదు. లేతకాయపై పెట్టిన గ్రుడ్డునుండి వెడలిన పిల్ల టెంకను జేరును, పైగాయము మానిపోవును. టెంక పగులగొట్టినగాని దొంగ బయటపడడు. కావున రాలినకాయలను, టెంకలను ఏరి కాల్చివేయవలెను.

అన్నింటికంటె నాకు భయము గొల్పునది కొబ్బరి ఎఱ్ఱముక్కుపురుగు. కొమ్ముపురుగు చేసిన కంతలలోను, కత్తిగాట్లలోను అది గ్రుడ్లు పెట్టును. మానునకు చెవి యానించినచో లోపలి కొఱుకుడు చప్పుడు వినవచ్చును. మొవ్వు వాడి వ్రాలిన పిమ్మట చెట్టు దక్కదు. ఎక్కుటకై మానునకు మెట్లు నఱకువారిని నేను క్షమింపజాలను. గాయమైన వెంటనే తారు పూయుడు.

ఈ వంశమున ఉపకారులును గలవు. పామాయిల్ పూలకు పుప్పొడి చేర్చు ముక్కుపురుగును 1981లో కామెరూన్ నుండి మలేషియాకు గొనిపోయిరి. అంతకు మున్ను అక్కడ కూలివాండ్రు చేతులతో ఆ పని చేయుచుండిరి. మన దేశమునకు అది 1985లో వచ్చినది. చెఱువులను గప్పు గుఱ్ఱపుడెక్కను తిను జాతులును గలవు.