పుస్తకములోని చేయి, మన చేయి

"నరము" అను మాటకు మన వాడుకలో పని యెక్కువ. సూదిమందు రక్తములోనికి ఎక్కించినచో "నరానికి సూది వేసినా"రందుము. చేయి తిమ్మిరెక్కినచో "నరము పట్టిన"దందుము. శాస్త్రము మాత్రము వీనిని వేరుచేసి చెప్పును. మెదడునకును అవయవములకును నడుమ వార్తలు మోయునది నరము. గుండెనుండి రక్తమును కొనివచ్చునది ధమని. తిరిగి గుండెకు చేర్చునది సిర. సూదిమందు ఎక్కించునది ఈ సిరలోనికే.

మేము వైద్యులము కాము. మైక్రోఫోను ముందు కూర్చుండువారము. అయినను ఈ భేదము ఇంటింట తెలిసియుండవలెనని మా తలంపు. ఏలయన, ఇవి అందరి చేతులలోను ఒకే తీరున ఉండవు.

దండచేతినే చూతము. చేయి మడచినపుడు ముందువైపున ఉబ్బు కండరమునకు పైన రెండు మొదళ్లుండుటచే ద్విశిర కండరమని పేరు. కాని సుమారు నూటికి పదిమందిలో దీనికి మూడవ మొదలును కలదు. అది యున్నట్లు ఆ మనిషికే తెలియదు. ఈ కండరమును నడపు నరము సాధారణముగా ప్రక్కనున్న కండరమును దూసికొని పోవును. కొందరిలో దానిని దూయకయే పోవును. కొందరిలో అరచేతికి పోవు మధ్యమ నరముతో కలిసికొనును.

దండయెముకలోను విశేషము కలదు. సుమారు నూటికొకరికి మోచేతికి కొంచెము పైన ముల్లువంటి చిన్న మొన యుండును. దీనిని గూర్చి 19వ శతాబ్దిలో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ స్ట్రూథర్స్ విపులముగా వ్రాసెను. దానినుండి దిగు నారపట్టీ క్రింద మధ్యమ నరము నొక్కుకొనినచో వ్రేళ్లకు తిమ్మిరి కలుగవచ్చును.

ఇక ముఖ్యమైనది ధమని. భుజధమని మోచేతి మడతకు దిగువన రెండుగా చీలి, ఒకటి బొటనవ్రేలి వైపునకు, రెండవది చిటికెనవ్రేలి వైపునకు పోవునని పుస్తకములు చెప్పును. కొందరిలో ఈ చీలిక దండచేతిలోనే, ఒక్కొక్కప్పుడు చంకకు దగ్గరగనే జరుగును. అట్టివారిలో కొందరికి ఒక ధమని మోచేతి మడతవద్ద చర్మము క్రిందనే, సిరల సరసనే సాగును. సూది గ్రుచ్చునదియు అచ్చటనే. సిర యనుకొని ధమనిలోనికి ఎక్కించిన కొన్ని మందులవలన వ్రేళ్లకు రక్తమందక, అవి కుళ్లిపోవు ప్రమాదము కలదు.

దీనికి రక్షణ వ్రేలికొననే యున్నది. ధమని కొట్టుకొనును, సిర కొట్టుకొనదు. చేతికి పట్టీ బిగించిన పిమ్మట ఆ కొట్టుకొనుట మరుగుపడవచ్చును గనుక, ముందే తాకి చూచుట మేలు. రోగియు ఊరకుండరాదు. మందు ఎక్కుచుండగా వ్రేళ్లవరకు తీవ్రమైన మంట దిగినచో తక్షణమే చెప్పవలెను. ధమని తావు మారియున్నదని ఒక వైద్యుడు చెప్పియుండినచో, తరువాతి వైద్యునికి ఆ మాట చేరవేయవలెను.

ఇవన్నియు తెలిసినది చాలవరకు మృతదేహములను పరిశీలించుటవలననే. మరణానంతరము తమ దేహములను వైద్యవిద్యార్థులకు ఒప్పగించినవారి ఔదార్యము, మన చేతికి సూది గ్రుచ్చువాని వ్రేలికొనలో జాగ్రత్తయై నిలిచియున్నది.