ఆకుకూర మడి – ఆడవాళ్ళ మాట

(వరంగల్లులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశంలో ఆకుకూరల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. విత్తనం చల్లేది, కలుపు తీసేది, తెల్లవారకముందే కూర కోసి కట్టలు కట్టేది, గంప నెత్తిన పెట్టుకుని అమ్మేది ఎక్కువగా స్త్రీలే. ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెప్పేది మాత్రం ఇంటి మగవాళ్ళు, మందుల షాపు యజమాని.

వానాకాలం ముసురు పట్టగానే తోటకూర ఆకు అడుగున తెల్లటి బొబ్బలు లేస్తాయి. ఇది తెల్లమచ్చ తెగులు. పాలకూరకు ఆకుమచ్చ. మచ్చపడ్డ కట్టను ఎవరూ కొనరు కాబట్టి మందు కొడతారు. నెల తిరక్కుండా కోతకొచ్చే పంట ఇది. మందు విరిగేదాకా ఆగితే ఆకు ముదిరిపోతుంది. ఆ ఆకును ఒట్టిచేతులతో కోసేది స్త్రీ, వండి పిల్లలకు పెట్టేదీ ఆమే.

దారి లేకపోలేదు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క సుగుణ తోటకూర తెల్లమచ్చను కొంతవరకు తట్టుకుంటుంది. ముసురుకూ ఉక్కకూ బచ్చలి బాగా ఓర్చుకుంటుంది. అయితే విత్తనం ఒక్కటే చాలదు. ఒత్తుగా చల్లి, సాయంత్రం ఆకుల మీద నీళ్ళు పోస్తే రాత్రంతా తడి ఆరక తెగులు పాకుతుంది. ఎత్తు మడుల్లో పలచగా విత్తాలి. పొద్దున్నే మొదట్లో నీరు పెట్టాలి. జబ్బు మొక్కలను పీకేయాలి, వాటినుంచి విత్తనం కట్టకూడదు. మరుసటిసారి అదే మడిలో తోటకూర కాక మెంతికూరో పుంటికూరో వేయాలి.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. కానీ పంట మార్చాలంటే భూమి మీద మాట చెల్లాలి. అసలు ప్రశ్న అక్కడే ఉంది.

1997–98లో ఈ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు చూసింది. పురుగుమందుల అప్పులు మోసింది మిగిలిన స్త్రీలే. పత్తి చేలల్లో దొరికే తుమ్మికూర, గంగవాయిలి కూలి స్త్రీలకు పైసా ఖర్చులేని కూర. మందు పడ్డ చేనులో అదీ పోయింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి కూరలనూ విత్తనాలనూ కాపాడుకున్నాయి. అప్పటి మన జిల్లాలోని ఏనెబావి 2005–06 నాటికి ఊరంతా రసాయనాలు మానేసింది. అంటే ఇది ఒంటరిగా కాక, కూడి చేయదగ్గ పని.

2001 చట్టం విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకిచ్చింది. ఆస్తిలో కూతురికి సమాన వాటాను మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అయినా పాసుపుస్తకంలో ఆమె పేరేది? 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారులకే అందింది. మడి కౌలుకు చేసే స్త్రీకి రాలేదు.

కాబట్టి మన సంఘాలు విత్తన నిధితో పాటు పట్టా దరఖాస్తులు కూడా చేపట్టాలి. తెగులును తట్టుకునే మొక్కను పెంచగలిగిన స్త్రీని ముందు రైతుగా గుర్తించాలని అడుగుదాం.