తప్తపాణి దారిలో ఒక రోజు
(బరంపురంలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న పుష్యమాసంలో మన సంఘంవారం నలభైయిద్దరం కలిసి చేసిన ఒక్కరోజు ప్రయాణాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము వర్ణనలు చేయగల దిట్టలము కాము. చూసి ఆనందించినదీ, చూసి సిగ్గుపడినదీ చెప్పి సెలవు తీసుకొంటాము.

తెల్లవారుజామున అయిదు గంటలకు కదలవలసిన బస్సు ఆరున్నరకు కదిలింది. వక్కపొడి డబ్బా ఇంట్లో మరచివచ్చిన ఒక పెద్దమ్మగారి కోసం అంతమందిమీ కాచుకొన్నాము. ఆ డబ్బాలోని వక్కపొడి సాయంత్రానికి అందరమూ పంచుకొన్నాము గనుక ఫిర్యాదు చేసే హక్కు మాకు లేదు.

ఊరి పొలిమేర దాటేసరికి పొలాలమీద మంచు ఇంకా విడలేదు. దిగపహండి దాటిన తరువాత కొండలు దగ్గరకు వచ్చినవి. దారిలో పాడుకొనడానికి కొన్ని తెలుగు పాటలు అచ్చువేయించి ముందురోజే ఇంటింటికీ పంచాము. బస్సులో పెద్దలు గొంతెత్తారు, పిల్లలు మిన్నకున్నారు. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు మాత్రం తప్పులేకుండా పాడుతున్నాడు. సంతోషించి తొంగిచూశాము. కాగితం వెనుకవైపున పాటంతా ఒడియా అక్షరాలతో రాసుకొని వున్నాడు. నాయనమ్మ చదువుతూంటే రాసుకొన్నాడట. “పాట వచ్చునండీ, అక్షరాలే రావు” అన్నాడు. వాడి యుక్తికి అందరమూ నవ్వాము గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తప్తపాణి మన ఊరికి సుమారు 50 కిలోమీటర్లు. అడవి నడుమ గంధకపు వాసనతో వేడినీళ్లు ఊరుతూంటవి. ఆ నీటిని చెరువులోకి మళ్లించారు, స్నానాలు అక్కడే. చలికి ముడుచుకొన్న మా ముసలివాళ్లు మోకాళ్ల నొప్పులు మరచి పిల్లలతో సమానంగా నీళ్లు చల్లుకొన్నారు. తరువాత చెట్లకింద విస్తళ్లు పరచి పులిహోర, దధ్యోదనం వడ్డించుకొన్నాము. అంత రుచి ఇంట్లో ఎన్నడూ ఎరుగము.

భోజనాలయ్యాక ఘాటీ మీదుగా చంద్రగిరి వైపు సాగినాము. అది గజపతి జిల్లా, సవరలు నివసించే సీమ. ఆ కొండలు చూడగానే మాలో ఒక ఉపాధ్యాయులవారు లేచి గిడుగు రామమూర్తి పంతులుగారి కథ చెప్పారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా వున్న ఆయన సవరల నుంచి వారి భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణమూ, 1938లో నిఘంటువూ వెలువడినవి. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆయన వెళ్లారు; మన తాతలు ఇక్కడే వుండిపోయారు. పరుల బిడ్డలకు వారి మాటను పుస్తకంలో పెట్టి ఇచ్చిన మనిషి ఆయన. మనం మన బిడ్డల కోసం ఏమి చేశాము? బస్సులో ఎవరమూ జవాబు చెప్పలేదు.

జవాబు చంద్రగిరిలో దొరికింది. 1959లో స్వదేశం విడిచివచ్చిన టిబెట్టువారిలో కొందరికి 1963లో అక్కడ భూములిచ్చి నివాసాలు ఏర్పరచారు. వారు మొక్కజొన్న పండిస్తారు, చలికాలంలో ఊళ్లు తిరిగి ఉన్నిబట్టలు అమ్ముతారు. సమీపంలోని జిరంగలో 2010లో ప్రారంభమైన పద్మసంభవ మహావిహారం కొండల నడుమ బంగారు రంగు కప్పులతో మెరుస్తున్నది. దాన్ని చూసి వస్తూ ఒక చిన్న దుకాణంలో టీ తాగాము. దుకాణం అవ్వ మాతో చక్కని ఒడియాలో మాట్లాడుతున్నది. పక్కన ఏడేళ్ల మనుమరాలు పలకమీద టిబెట్టు అక్షరాలు దిద్దుతున్నది. “బడిలో నేర్పుతారా?” అని అడిగాము. “బడిలోనూ నేర్పుతారు. ఇంట్లో నేను దిద్దిస్తాను. తిరిగిపోవడానికి ఊరు లేదు, ఇదైనా వుండాలి కదా” అన్నది అవ్వ.

మనకు పోవడానికి ఊళ్లున్నవి. ఇచ్ఛాపురం దాటితే తెలుగునాడే. అందుకే గాబోలు ఈ అలక్ష్యం! ఒడియా మనకు అన్నం పెట్టిన భాష. దానిమీద మాకు కినుక లేదు. ఆ కుర్రవాడికి ఒడియా అక్షరాలు రావడం తప్పు కాదు. తెలుగు అక్షరాలు రాకపోవడం వాడి తప్పూ కాదు. అది మాది. రోజుకు పావుగంట వాడి పక్కన కూర్చోని తల్లిదండ్రులది, తాతలది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. పాటలు లేవు. బస్సు దిగేలోగా ఒక నిర్ణయం మాత్రం జరిగింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం సంఘం వరండాలో ఒక గంట అక్షరాభ్యాసం జరుగుతున్నది. మొదటివారం అయిదుగురు వచ్చారు; ఇప్పుడు పదిహేడుగురు. వక్కపొడి పెద్దమ్మగారే గురువు. ఈసారి ఆవిడ ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు.

ఈ వేదిక పక్కన నల్లబల్లమీద “ఉగాది శుభాకాంక్షలు” అని రాసివున్నది, చూశారా? “క్ష” కొంచెం వంకరగా వున్నది. అది రాసినవాడు ఆ కుర్రవాడే. ఆ వంకర దిద్దవద్దని మేమే చెప్పాము. వచ్చే ఉగాదికి వాడే దిద్దుకొంటాడు.