మోట పోయింది, మోరీ పోలేదు

(అంబేద్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతి అంటే గుడి, కావ్యం, నాట్యమట. సాంకేతికం అంటే కంప్యూటరట. పెద్ద సభల్లో ఇట్లనే చెప్తుంటారు. మరి మన తాతలు లందలో తోలు పదును చేసింది ఏ లెక్కలోకొస్తది? పచ్చితోలును సున్నపునీళ్లల్ల నానేసి, వెంట్రుకలు రాల్చి, తంగేడు చెక్క దంచిన రసంలో రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. ఆ చెక్కలోని వగరే తోలును కుళ్లనీయదు. చదువుకున్నోళ్లు దాన్ని టానిన్ అంటారు. లంద అనే మాట మాత్రం మేం చదివిన ఏ పాఠంలోనూ లేదు.

ఆ తోలుతోనే మోటబొక్కెన కుట్టినం. కరెంటు రాకముందు మోటబావి కింద పారిన ప్రతి మడీ ఆ బొక్కెన నీళ్లతో పారిందే. అది చినిగితే మాదిగ పెద్దయ్య ఆరె పట్టుకొని ఉరకాలె. కూలి ఏంది? కల్లం కాడ కొలిచిన గింజలు. మన చేతులతో కుట్టిన తోలు బావిలో మునగొచ్చు, మన చెయ్యి మాత్రం మునగొద్దు!

తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చినయి. మోట మూలబడ్డది. దానికోసం ఎవరూ ధర్నా చేయలేదు. పటేలుకు లాభముంది గనుక మోటారు వచ్చింది. మన గింజలు పోయినయి, అంటు పోలేదు. హోటల్ల వేరు గ్లాసు పోయిందనుకుంటే, కొన్ని ఊళ్లల్ల దాని జాగాలో మనకు ప్లాస్టిక్ కప్పు వచ్చింది. యంత్రం మారినా చూపు మారలేదు.

అట్లని యంత్రం వద్దనే వాళ్లం కాదు. బాబాసాహెబ్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి తేల్చిండు. తప్పు యంత్రానిది కాదు, దాని ఫలం కొందరికే దక్కే ఏర్పాటుది. యంత్రం తీరిక ఇస్తది, తీరిక ఉంటేనే మనిషికి సంస్కృతి అన్నది ఆయన వాదన.

మరి మోరీకి యంత్రం ఎందుకు రాలేదు? చేతులతో మలం ఎత్తించడాన్ని 1993లో చట్టం నిషేధించింది. 2013 చట్టం రక్షణ లేకుండా మోరీలోకి దించడం కూడా నేరమన్నది. మోరీలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అంటే చావులు ఆగలేదన్నట్టే గదా! అదే ఏడాది ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. దాని బండి అక్కడి మట్టిలో గంధకముందని కనిపెట్టింది. మోరీలో మన పిల్లలను చంపేది కూడా గంధకమున్న వాయువే, హైడ్రోజన్ సల్ఫైడ్. ఎక్కువ మోతాదైతే ముక్కుకు వాసన కూడా తెలియనియ్యదు. చంద్రుడి మీదికి యంత్రాన్ని పంపినం, మోరీలోకి మనిషిని పంపుతున్నం.

మురుగు లాగే బండ్లున్నయి, నీటి జోరుతో అడ్డం కొట్టే జెట్టింగ్ మిషన్లున్నయి. సందులోకి బండి రాదంటారు. చేను నడుమ బావికి మోటారు రాలేదా, తీగ గుంజుకొని? మనిషి చవకగా దొరికినన్నాళ్లు బండి షెడ్డులోనే ఉంటది.

కాబట్టి మీ మున్సిపాలిటీకి పోయి నాలుగు సంగతులు అడగండి. జెట్టింగ్ బండ్లెన్ని? అందులో నడిచేవెన్ని? పోయిన ఏడాది మోరీలోకి ఎవరెవర్ని దించిన్రు? వాళ్లు పర్మినెంటా, కాంట్రాక్టా? నోటిమాట ఒప్పుకోవద్దు, సమాచార హక్కు చట్టం కింద కాయితం పెట్టండి. రాయరానోళ్లకు మేం రాసిపెడతం. జవాబులు పట్టుకొని వచ్చే మీటింగుకు రండి.